తిరిగి వచ్చిన గొంతు

“చచ్చిన మనిషి పొద్దంతా మాట్లాడాడంటారా, డిటెక్టివ్ గారూ? నా సర్వీసులో అలాంటి శవం ఒక్కటీ తగల్లేదు. తగిలుంటే సగం కేసులు అవే చెప్పేసేవి. నాకీ బట్టతల వచ్చేదే కాదు.”

ఇన్‌స్పెక్టర్ తన మాటకు తానే నవ్వాడు. హాల్లో మరెవరూ నవ్వలేదు. ఆ నవ్వు ఎదుటి గోడదాకా వెళ్ళి, అక్కడ వేలాడుతున్న నల్లకోటు ఫొటోను చూసి, చిన్నబోయి ఆగిపోయింది.

ఫొటోలోని మనిషి నిన్న మధ్యాహ్నం ఇదే ఇంట్లో, తన గదిలో, తన కుర్చీలో శవమై కనిపించాడు. ఈ ఊరి కోర్టులో ప్లీడరుగా మొదలై, ఈ ఊరి ఓట్లతో శాసనసభకు వెళ్ళినవాడు. కుర్చీలోని తోలు దిండుతోనే ముఖం అదిమి ఊపిరాడకుండా చేశారని డాక్టరు చూడగానే చెప్పాడు. ఎప్పుడు చేశారన్నది మాత్రం పోస్టుమార్టం అయితేగానీ తేలదన్నాడు. ఆ రిపోర్టు ఇంకా రాలేదు. దాని అవసరం ఉందని ఇన్‌స్పెక్టరుకు తోచనూ లేదు.

“ఆయన చనిపోయాక మాట్లాడారని నేననలేదు,” అన్నది డిటెక్టివ్. ఆమె గొంతు ఎప్పుడూ పెద్దది కాదు. ఎదుటివాడే కాస్త వంగి వినాలి. “ఆయన దగ్గరి జూనియర్ ప్లీడరు పట్టుకునేసరికి ఆయన చెయ్యి కట్టెలా బిగుసుకుపోయి ఉందట. ఒళ్ళు అలా బిగుసుకోవడానికి గంటలు పడుతుంది. అంతే అన్నాను.”

“జూనియర్ చెప్పాడు! వాడు కాక ఇంకెవడు చెప్తాడు అలాంటి మాట? దొరికిన దొంగ తాళం ముందే పగిలి ఉందనక ఏమంటాడు?” ఇన్‌స్పెక్టర్ సోఫా వైపు తిరిగాడు. “ఏమ్మా, మీరే చెప్పండి. మీవారి గొంతు మీరు విన్నారా లేదా?”

సోఫా అంచున కూర్చున్న స్త్రీ తల ఎత్తలేదు. చనిపోయినవాడి భార్య ఆమె. జూనియరుకు సొంత అక్క. ఉదయాన్నే ఫోన్ చేసి డిటెక్టివ్‌ను పిలిపించినదీ ఆమే.

“విన్నాను,” అన్నదామె. “పొద్దుటినుంచీ విన్నాను. తమ్ముడు లోపలికి వెళ్ళే ముందుదాకా.”

“చాలు. పొద్దుటినుంచీ గొంతు వినిపించింది, అంటే మనిషి బతికున్నాడు. గొంతు ఆగింది, వీడు లోపలికి వెళ్ళాడు, మనిషి పోయాడు. హాల్లోకి ఇంకెవరూ రాలేదని మీరే చెప్పారు. దిండు మీద వీడి వేలిముద్రలున్నాయి. సాయంత్రం కోర్టు లేచేలోగా మేజిస్ట్రేటు ముందు నిలబెడతాను.”

“నేనేం చెయ్యనండీ?” ఆ ఇల్లాలు ఇప్పుడు డిటెక్టివ్‌ను చూసింది. “విన్నది వినలేదని ఎలా చెప్పను? విన్నానంటే తమ్ముడు పోతాడు. మొగుడు పోయి ఒక్కరోజన్నా కాలేదు. వాణ్ణి కూడా నా నోటితోనే పంపించమంటారా?”

డిటెక్టివ్ ఆమె పక్కనే కూర్చుంది. “మీరు విన్నది విన్నట్టే చెప్పండమ్మా. ఏదీ తగ్గించొద్దు. నిజం చెప్తే మీ తమ్ముడు పోతాడని ఇన్‌స్పెక్టరు గారు అనుకుంటున్నారు. నేను అలా అనుకోవడం లేదు.”

“మేడం కవిత్వం కూడా చెప్తారన్నమాట,” అన్నాడు ఇన్‌స్పెక్టర్, కిటికీలోంచి గేటు దగ్గరి జనాన్ని చూస్తూ.

జూనియర్ ముందు గదిలో ఉన్నాడు. ఒకప్పుడు కక్షిదారులు కూర్చున్న బల్ల మీద, ఒక కానిస్టేబులు పక్కన, నలిగిన తెల్లచొక్కాతో. బావ శాసనసభకు వెళ్ళాక, తన లా చదువు అయినప్పటినుంచి ఆయన కేసులన్నీ చూస్తున్నది అతనే. ఆ బల్ల మీద తాను కూర్చోవలసి వస్తుందని అతను ఏనాడూ అనుకొని ఉండడు. అందుకేనేమో, సగమే కూర్చున్నాడు.

“గదిలోకి ఎందుకు వెళ్ళారు?” డిటెక్టివ్ అడిగింది.

“సంతకాలు కావాలండీ. బావ లోపల మాట్లాడటం ప్రాక్టీసు చేసేటప్పుడు ఎవరం తలుపు తియ్యం. గొంతు ఆగాక కాసేపు చూసి వెళ్ళాను.”

“కాసేపంటే?”

“పావుగంట. అంతకంటే ఎక్కువ కాదు. వెళ్ళేసరికి కుర్చీలో వెనక్కి వాలి ఉన్నారు. కళ్ళు తెరిచే ఉన్నాయి. బావా అన్నాను. సార్ అన్నాను. చెయ్యి పట్టుకుంటే... మోచెయ్యి వంగలేదండీ. దిండు ఒళ్ళో ఉంటే తీసి పక్కన పెట్టాను. ఎందుకు పెట్టానో నాకే తెలీదు.”

“పావుగంటలో కట్టె అయిపోయాడంట!” ఇన్‌స్పెక్టర్ గుమ్మంలోంచే అన్నాడు. “ఐసు కూడా అంత త్వరగా గడ్డకట్టదు. నడవరా. స్టేషన్లో కూర్చుని ఇంకో కథ ఆలోచించుకో.”

జూనియర్ లేచాడు. గుమ్మం దాటుతూ అక్క ముందు ఆగాడు. “అక్కా, రెండు ముద్దలు తిను. నిన్నటినుంచీ ఏమీ తినలేదు నువ్వు. నేనొస్తాలే,” అన్నాడు, బజారుకు వెళ్ళేవాడిలా. జీపు చప్పుడు గేటు దాటింది. అక్క కళ్ళు ఆ చప్పుడు వెంట వెళ్ళి, వెళ్ళినచోటనే ఉండిపోయాయి.

“సాయంత్రం వరకూ టైముంది,” అన్నది డిటెక్టివ్. “ఆ గది చూద్దాం.”

“చూడండి, చూడండి. టిక్కెట్టేం లేదు,” అని ఇన్‌స్పెక్టర్ ముందు నడిచాడు.

గదికి రెండు తలుపులు. ఒకటి హాల్లోకి, ఒకటి పక్క సందులోకి. సందువైపు కిటికీకి సగం తెర. గోడల నిండా లా పుస్తకాలు. వాటి మీద, ప్లీడరు వృత్తి మీద శాసనసభ్యుడి పదవి పేరుకున్నట్టు, సభలో ఇచ్చిన నివేదికలు. బల్ల వెనుక ఎత్తు వీపు కుర్చీ. అందులోంచి మనిషిని తీశారు గానీ కుర్చీ ఇంకా ఖాళీ అయినట్టు లేదు. తోలు మీద తల ఆనినచోట చిన్న గుంట. కుర్చీ చేతుల మీద మోచేతులు ఆనినచోట రెండు మెరుపులు. గదిలో ఏ చప్పుడూ లేదు. ఎవరో మాట ఆపి, మనం వెళ్ళాక మళ్ళీ మొదలుపెడదామని చూస్తున్నట్టున్న నిశ్శబ్దం అది.

“మీవాళ్ళు ఏమన్నా కదిపారా?”

“శవాన్ని తప్ప పూచికపుల్లను కూడా కదపలేదు. నా స్టేషను పద్ధతి అది.”

“మంచిది. అయితే ఈ స్టూలు?”

కక్షిదారులు కూర్చునే చెక్కస్టూలు అది. దాని నాలుగు కాళ్ళ గుంటలు గోడ వారగా చాప మీద ఏళ్ళతరబడి పడి, లోతుగా ఉన్నాయి. కానీ స్టూలు అక్కడ లేదు. బల్లను చుట్టుకొని వచ్చి, కుర్చీకి ఎదురుగా, మోకాళ్ళకు మోకాళ్ళు తగిలేంత దగ్గరగా ఉంది. డిటెక్టివ్ దాన్ని కొంచెం ఎత్తి చూసింది. కింద చాప అప్పుడే నొక్కుకుపోవడం మొదలుపెట్టింది. ఎవరో చాలాసేపు, కదలకుండా, బరువుగా కూర్చున్నారు.

ఇన్‌స్పెక్టర్ భుజాలెగరేశాడు. “జూనియరే కూర్చున్నాడేమో. చంపి, కాళ్ళు వణికి.”

“పావుగంటలోనా?”

ఆమె బల్ల మీది ఫ్లాస్కు మూత తిప్పింది. అంచుదాకా నీళ్ళు. చల్లారి, కదలక. పక్కనే కప్పు బోర్లించి ఉంది. లోపల తడి మరక కూడా లేదు. ఆమె గుమ్మం వైపు తిరిగింది. ఇల్లాలు అక్కడే నిలబడి ఉంది, గడప దాటకుండా.

“ఈ నీళ్ళు ఎప్పటివమ్మా?”

“మొన్న రాత్రి కాచి పెట్టినవి. ప్రాక్టీసు చేసేటప్పుడు గుక్కగుక్కకీ వేణ్ణీళ్ళు తాగాలి ఆయనకి. లేకపోతే నాలుగు మాటలకే గొంతు పట్టేస్తుంది. మధ్యలో రెండోసారి కూడా కాచి ఇస్తాను.”

“నిన్న అడిగారా?”

“లేదు...” ఆమె కనుబొమలు దగ్గరకు వచ్చాయి. “అడగలేదు.”

“దాహం వెయ్యలేదు. దానికీ సెక్షనుందా మేడం?” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

డిటెక్టివ్ సందు తలుపు తీసింది. బయటికి వెళ్ళి, తలుపును తన వైపు లాగింది. లోపల గడి ‘టక్’మని పడింది. ఆమె బయటినుంచి తోసింది. రాలేదు. తట్టింది. ఇన్‌స్పెక్టర్ లోపలినుంచి తీసేదాకా ఎండలో నిలబడవలసి వచ్చింది; అతను తీరిగ్గానే తీశాడు.

“తలుపు లోపలినుంచి వేసి ఉంది, కాబట్టి ఇటునుంచి ఎవరూ రాలేదని మీ వాదన,” అన్నది ఆమె, నుదురు తుడుచుకుంటూ. “ఇది బయటికి వెళ్ళేవాడు లాగితే దానంతట అదే పడుతుంది. రావడానికి మాత్రం లోపలివాడు తియ్యాలి. ఆయనే తీశారు.”

“పడనివ్వండి. తీయనివ్వండి. పొద్దు పొడిచిన దగ్గర్నుంచి ఈ మెట్ల మీద అర్జీలవాళ్ళు కూర్చున్నారు, ఎమ్మెల్యే గారు బయటికొస్తారని. మధ్యాహ్నం ఎండ భరించలేక లేచి వెళ్ళారు. వాళ్ళున్నంతసేపు ఈ తలుపు తెరుచుకోలేదు. పైగా కిటికీలోంచి ఆయన గొంతు వాళ్ళూ విన్నారు. సందు సందంతా నాకు సాక్ష్యం! ఒక ముసలాయనైతే ముచ్చటపడిపోయాడంట, ‘మా ఎమ్మెల్యే మళ్ళీ ప్లీడరైపోయాడు’ అని.”

డిటెక్టివ్ చేతిలోని రుమాలు ఆగింది.

“ఆ మాట మీరు ఎక్కడా రాయలేదే?”

“రాయడానికేముంది అందులో? ముసలాయన ముచ్చట.”

ఆమె గబగబా గుమ్మం దగ్గరికి వెళ్ళింది. ఇల్లాలి రెండు చేతులూ పట్టుకుని, గడప దాటించి లోపలికి తెచ్చింది. ఇల్లాలు కుర్చీ వైపు చూడకుండా పుస్తకాల వైపు చూసింది.

“ఈయన ప్రాక్టీసు ఎలా ఉంటుందో నాకు చెప్పండి. ఏమీ తెలియనిదాన్ని అనుకుని చెప్పండి.”

“రెండు గొంతులండీ. ఒకటి ఆయనది, ఒకటి ఎదుటివాడిది. ప్లీడరుగా ఉన్నప్పుడు ప్లీడరూ ఆయనే, సాక్షీ ఆయనే. ప్రశ్న వేస్తారు, గొంతు మార్చి జవాబు చెప్తారు. ఎమ్మెల్యే అయ్యాక మంత్రి గారిక్కూడా ఆయనే జవాబు చెప్పేవారు.” ఆమె పెదవి చివర చిన్న కదలిక. “కొత్తగా పెళ్ళయినప్పుడు లోపల ఎవరో ఉన్నారనుకుని రెండు కప్పుల కాఫీ తీసుకెళ్ళాను. నవ్వి రెండూ ఆయనే తాగారు. ఆ తర్వాత అలవాటైపోయింది. మా మావగారు పోయారని కబురొచ్చినప్పుడు కూడా ప్రశ్న పూర్తయ్యేదాకా తలుపు బయటే నిలబడ్డాను.”

“కూర్చుని చేస్తారా?”

“లేదండీ. ఇటు చివర్నుంచి అటు చివరికి నడుస్తారు. చెప్పుల చప్పుడు వంటింట్లోకి వినపడుతుంది.”

“నిన్న?”

ఆమె వంటింట్లో నిలబడి నిన్నటి ఉదయాన్ని మళ్ళీ వింటున్నట్టు తల పక్కకు వాల్చింది. “నిన్న చెప్పుల చప్పుడు లేదు.”

ఇన్‌స్పెక్టర్ గడియారం చూసుకోవడం మానేశాడు.

“గొంతు ఎలా ఉంది?”

ఈ ప్రశ్నకు మాత్రం ఆ ముఖంలోకి ఒక వెలుగు వచ్చింది. ఆ ఇంట్లో ఆ ఉదయం డిటెక్టివ్ చూసిన మొదటి వెలుగు అది. చూడలేక డిటెక్టివ్ కళ్ళు దించుకున్నది.

“ఎంత బాగుందోనండీ! అదే... ఎవరికీ చెప్పలేదు. శవం ఉన్న ఇంట్లో అలాంటి మాట ఏం చెప్తాను? ఆయన గొంతు పోయి చాలా ఏళ్ళయింది. మొదటి ఎన్నికల్లోనే పోయింది. ఊరూరా జీపెక్కి అరిచి అరిచి, గెలిచేనాటికి బొంగురు తప్ప ఏమీ మిగల్లేదు. సభలో లేస్తే అవతలివాళ్ళు ‘మైకు గీరుకుంటోంది’ అని ఎగతాళి చేసేవారు. ఎంతమంది డాక్టర్లకు చూపించామో! ఇక రాదన్నారు. నిన్న పొద్దున్న తలుపు వెనకాల అది వచ్చింది. పాత గొంతు. నేను పెళ్ళిచూపుల్లో విన్న గొంతు. గంటలా.” ఆమె ఊపిరి పీల్చుకుంది. “ఫలహారం తీసుకెళ్ళి పిలిస్తే ‘తర్వాత తింటాలేవోయ్’ అన్నారు. నన్ను ‘ఓయ్’ అని పిలిచి ఎన్నాళ్ళయింది! ఎమ్మెల్యే అయ్యాక ఆ పిలుపూ పోయింది. పళ్ళెం పట్టుకుని ఆ గుమ్మంలోనే నిలబడి ఏడ్చాను, సంతోషం పట్టలేక. తలుపు తీస్తే ఎక్కడ ఆగిపోతుందోనని తియ్యలేదు.”

గదిలో ఫ్యాను తిరగడం లేదు. అయినా కిటికీ తెర ఒకసారి కదిలి ఊరుకుంది.

“రెండో గొంతో?” డిటెక్టివ్ చాలా మెల్లగా అడిగింది.

“అదీ బాగుంది. మామూలుగా ఆయన రెండో గొంతు చేస్తే, ఆయనే ముక్కు మూసుకుని మాట్లాడినట్టుండేది. నిన్న అచ్చం వేరే మనిషి...”

ఆమె ఆగిపోయింది.

ఆమె చూపు పుస్తకాల వరస మీదుగా మెల్లగా జారి, కుర్చీ చేరి, కుర్చీ ఎదుటి స్టూలు చేరింది. ఆమె చేతులు డిటెక్టివ్ చేతుల్లో చల్లబడ్డాయి.

“ఆయన తెల్లవారకముందే పోయారు కదూ,” అన్నది.

“అవునమ్మా.”

“నాకు ‘తర్వాత తింటా’నన్నది...”

“ఆయన కాదు.”

“నేను సంతోషపడ్డాను,” అన్నది ఆమె. అరవలేదు. అరిచి ఉంటే వినేవాళ్ళకు కాస్త నయంగా ఉండేది. “ఆయన ఇక్కడ చల్లబడిపోతుంటే నేను అక్కడ నిలబడి సంతోషపడ్డాను.”

ఇన్‌స్పెక్టర్ గొంతు సవరించుకున్నాడు. “ఆగండాగండి. చంపినవాడు పారిపోకుండా పొద్దంతా శవం ముందు కూర్చుని నాటకం వేశాడా? ఏ పిచ్చోడు వేస్తాడు?”

“పారిపోదామనే చూశాడు. తలుపు తీయబోయేసరికి మెట్ల మీద అర్జీలవాళ్ళు. అటు వెళ్ళలేడు. ఇటు హాలు. నిశ్శబ్దంగా ఉంటే ఈమె తలుపు తీస్తుంది. ఈ ఇంట్లో ఆ తలుపును మూసి ఉంచేది ఒక్కటే: లోపల రెండు గొంతులు. ఈ సంగతి తెలిసినవాడు. మెట్లు ఖాళీ అయ్యేదాకా మాట్లాడాడు. ఖాళీ అయ్యాక తలుపు లాగి వెళ్ళిపోయాడు.” డిటెక్టివ్ ఇల్లాలి వైపు తిరిగింది. “వాడు ఏం మాట్లాడాడు? సభలో మాట్లాడేవాళ్ళు ‘అధ్యక్షా’ అనకుండా నోరు తెరవరు. నిన్న ఆ మాట విన్నారా?”

ఇల్లాలు తల అడ్డంగా ఊపింది. “‘సాక్షి గారూ’ అన్నారు. అన్నాడు. ‘సాక్షి గారూ, ఆ రాత్రి గోదాము దగ్గర దీపం లేదు కదా, మనిషిని ఎలా గుర్తుపట్టారు?’ ‘మంటల వెలుతురు చాలదా బాబూ.’ ‘మీరు నిలబడ్డచోటికి మంట కనిపిస్తుందా?’ ‘మంట కనపడలేదు బాబూ, మనిషి కనపడ్డాడు.’ మళ్ళీ మళ్ళీ అదే.”

“అది గోదాము కేసు!” అన్నాడు ఇన్‌స్పెక్టర్, తనకు తెలియకుండానే గొంతు తగ్గించి. ఊళ్ళో అందరికీ తెలిసిన కేసు అది. గోదాము తగలబడితే యజమాని మీద అనుమానం వచ్చింది. యజమాని తరఫున ఈ ప్లీడరు నిలబడి, ఒకే ఒక్క సాక్షి బలంతో నేరాన్ని కాపలావాడి మీదికి తిప్పాడు. యజమాని బయటపడ్డాడు. ప్లీడరుకు పేరొచ్చింది, పేరు వెంట పార్టీ టిక్కెట్టు వచ్చింది. కాపలావాడు ఇంకా జైల్లోనే ఉన్నాడు.

“ఇవాళ సభలో ఆ కేసు తిరగతోడమని అడుగుతానన్నారు ఆయన,” అన్నది ఇల్లాలు. “పదవి పోతే పోనీ అన్నారు. అందుకే నిన్న గోదాము మాట వినపడితే నాకు వింతనిపించలేదు. దాని గురించే సిద్ధమవుతున్నారనుకున్నాను.”

“ఆ సాక్షి ఎవరు?”

ఇల్లాలు ఇన్‌స్పెక్టర్ను ఒకసారి చూసి, చెప్పక తప్పదనుకున్నట్టు చెప్పింది. “ప్లీడరు ఇల్లాలు బయట పెట్టకూడని మాట ఇది. చూడనిది చూశామని చెప్పేవాళ్ళుంటారండీ, కోర్టు చెట్ల కింద. ఆయన దగ్గరికి ఒకడు వచ్చేవాడు. చిలక అనేవారు. సందు తలుపునుంచి వచ్చి, అటునుంచే వెళ్ళేవాడు. ఆ స్టూలు మీద కూర్చోబెట్టి తర్ఫీదు ఇచ్చేవారు. ముందు ఈయన ప్లీడరు, వాడు సాక్షి. తర్వాత వాణ్ణి ప్లీడరు చేసి, ఈయన సాక్షి అయ్యేవారు. ప్రశ్న ఎక్కడినుంచి వచ్చి తగులుతుందో వాడికి తెలియాలని. అలా కొన్నేళ్ళు. ఒకరోజు నవ్వుతూ అన్నారు, ‘మన చిలక నాకంటే బాగా నాలా మాట్లాడుతున్నాడోయ్’ అని. గోదాము కేసు గెలిచాక మళ్ళీ రానివ్వలేదు.”

“అంటే వాడు నేర్చుకున్నది అప్పటి గొంతు,” అన్నది డిటెక్టివ్. “ఆ తర్వాత ఆయన గొంతు పోయింది. ఇంటి తలుపు వెనక ఆ పాత గొంతుతో మాట్లాడితే ఎవరైనా నమ్ముతారో లేదో వాడికి తెలియదు. నమ్మారు. పోయినది తిరిగిరావాలని మీరంతా ఎదురుచూస్తున్నారు కాబట్టి.”

“వాణ్ణి ఆయనే పిలిచారు,” అన్నది ఇల్లాలు, నేలను చూస్తూ. “‘సభలో లేచేముందు వాడితో ఒక మాట చెప్పాలి, వాడు కూడా నాతోపాటు లేచి చెప్తే కాపలావాడు బయటికొస్తాడు’ అన్నారు. ఎప్పుడు పిలిచారో నాకు తెలీదు.”

“లేచి చెప్తే కాపలావాడు బయటికి, చిలక లోపలికి,” అన్నాడు ఇన్‌స్పెక్టర్. అతను స్టూలును చూస్తున్నాడు. “అయితే ఆ ప్రశ్నలన్నీ... వాడు ఎవర్ని అడిగాడు?”

“ఎదురుగా కూర్చున్నవాణ్ణి,” అన్నది డిటెక్టివ్. “ఆ పాఠం వాడికి అలా కూర్చుంటేనే వస్తుంది.”

ఇన్‌స్పెక్టర్ రెండడుగులు వెనక్కి వేశాడు. బట్టతల మీద చెమట మెరిసింది. కానీ అతను మొండివాడే గానీ మూర్ఖుడు కాడు; ఓడిపోయినట్టు కనపడకుండా ఓడిపోవడం ఎలాగో ఆలోచిస్తున్నాడు. “ఇదంతా ఊహ మేడం. గొంతును బోనులో నిలబెట్టలేను. మనిషి కావాలి. ఈ చిలక ఎలా ఉంటాడు? పొడుగా, పొట్టా? కోర్టు దగ్గర అలాంటివాళ్ళు బోలెడుమంది. ఒక్కొక్కడికి ఒక్కో కేసులో ఒక్కో పేరు.”

“నేను చూడలేదు,” అన్నది ఇల్లాలు. “తలుపు వెనకనుంచి వినడమే. ఎప్పుడూ చూడలేదు.”

“మరి ఎవరు చూశారు? మంచినీళ్ళైనా ఇచ్చినవాళ్ళుంటారు కదా!”

“తమ్ముడే ఇచ్చేవాడు. అప్పుడు వాడు కాలేజీలో ఉన్నాడు, ఇక్కడే ఉండేవాడు.” చెబుతూ చెబుతూనే ఆమెకు అర్థమైంది. కళ్ళలోకి ప్రాణం వచ్చింది. “వాణ్ణి అడగండి! వాడికి మొహం తెలుసు. వాడొక్కడికే తెలుసు. అడిగి, వదిలెయ్యండి వాణ్ణి!”

ఇన్‌స్పెక్టర్ బల్ల మీది ఫోను అందుకున్నాడు. నంబరు నొక్కుతూ డిటెక్టివ్ వైపు చూడకుండా, “బొమ్మ గీసేవాణ్ణి కూడా పిలిపిస్తాను. మీరూ ఉండండి,” అన్నాడు. అతని భాషలో అది క్షమాపణ. స్పీకరు మీట నొక్కాడు. స్టేషన్లో హెడ్‌కానిస్టేబులు తీశాడు.

“నేను. ఆ జూనియర్ను లైన్లోకి పిలువు.”

“జూనియరా సార్? పంపించేశాను కదా!”

“ఎక్కడికిరా?”

“మీరు చెప్పినట్టే సార్. జీపు వచ్చిన కాసేపటికే ఫోన్ చేశారు కదా. వాడి తప్పేం లేదు, తేలిపోయింది, వదిలెయ్యి అన్నారు. గేటు బయట తెల్లకారులో ఒక పెద్దమనిషి ఉంటాడు, అక్క దగ్గరికి తీసుకెళ్తాడు, ఎక్కించి పంపించు అన్నారు.”

“నేనెప్పుడు చేశాన్రా ఫోను? నేనిక్కడ...” ఇన్‌స్పెక్టర్ మాట మధ్యలో విరిగింది. అతను తన గొంతును తానే మొదటిసారి విన్నవాడిలా నిలబడిపోయాడు. ఈ ఊరి కోర్టు బోనులో ఎన్ని ఏళ్ళుగా, ఎన్ని కేసుల్లో, ఎంత గట్టిగా ఆ గొంతు సాక్ష్యం చెప్పిందో! చెట్ల కింద కూర్చున్న ప్రతివాడూ వినేంత గట్టిగా.

“మీరే సార్. మీ గొంతు నాకు తెలీదా?” అవతలి మనిషి ఇప్పుడు భయంతో గబగబా మాట్లాడుతున్నాడు. “కాకపోతే తిట్టలేదు సార్. ‘ఏమన్నా, కాస్త చూసి పంపించు’ అన్నారు. ఇన్నేళ్ళలో మీరు నన్ను అన్నా అనడం ఇదే మొదలు, ఇవాళ సార్ మనసు బాగుందనుకున్నాను. మావాళ్ళకు కూడా చెప్పుకున్నాను సార్.”

ఇల్లాలు బల్ల అంచు పట్టుకుంది. డిటెక్టివ్ అప్పటికే గుమ్మం దగ్గర ఉంది.

“కారు ఎటు వెళ్ళింది?” ఇన్‌స్పెక్టర్ అరిచాడు. “ఏం నంబరు? వాడు ఎలా ఉన్నాడు? జూనియర్ ఏమన్నా అన్నాడా?”

హెడ్‌కానిస్టేబులు గొంతు తగ్గించాడు.

“కారులో ఉన్నవాణ్ణి చూసి ఎక్కనన్నాడు సార్. గేటు పట్టుకుని వేలాడాడు, నన్ను లోపలే పెట్టండి అని. మీ ఆర్డరు కదా అని... నేనే రెక్క పట్టుకుని లోపలికి తోశాను.”